వెంకటనర్సయ్య చివరి కట్ట

నంగునూరులో పత్తి ఏరడం అయిపోయాక చెట్లు పీకి, ఎండబెట్టి, కట్టలు కట్టి పొయ్యికి దాచుకుంటారు. కట్ట కట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు మోకాలు పెట్టి అదిమితే ఇంకొకరు తాడు గుంజుతారు. కట్టేటప్పుడు ఏం మాట్లాడితే ఆ మాట కట్టెలో ఉండిపోతుంది, కాలినప్పుడు బయటికి వస్తుంది. అందుకని ఆ పనిలో జనం నోరు అదుపులో పెట్టుకుంటారు. యాదలక్ష్మి ఒకసారి అత్తను తిట్టుకుంటూ కట్టిన కట్టను వానాకాలంలో ఆ అత్తే పొయ్యిలో పెట్టింది. నీళ్లు కాగేదాకా అంతా విని, "కట్టె మంచిగ ఎండింది గని కోడలింక పచ్చిగనే ఉన్నది" అంది ముసలామె.

ఊళ్లో ఎవరైనా పోతే, వాళ్లు కట్టిన చివరి కట్టను దినాల నాడు ఇంటి ముందు కాలుస్తారు. అందరూ కూర్చుని వింటారు.

వెంకటనర్సయ్య చేనులోనే పోయాడు. ఒక్కడే కట్ట కడుతూ ఎండలో ఒరిగిపోయాడు. కొడుకు సుధాకర్‌తో అతనికి మాటలు లేవు. ఊరవతల పత్తికట్టెతో, మక్క చొప్పతో స్పిరిట్ తీసే కంపెనీ వచ్చింది. ఆ స్పిరిట్‌ను పెట్రోలులో కలుపుతారు. అక్కడ కట్టెను ముక్కలు చేసే మిషను మీద సుధాకర్ పనికి కుదిరాడు. "మనుషుల మాటను పిండి జేసే కొలువు నాకొద్దు, జేసేటోడు నాకొద్దు" అన్నాడు తండ్రి.

దహనం చేసి వచ్చిన మర్నాడే మబ్బు పట్టింది. కట్టె తడిసి కుళ్లిపోతుందని సుధాకర్ చేనులో ఉన్నదంతా ట్రాక్టర్‌లో వేసి కంపెనీకి తోలాడు. చివరి కట్ట సంగతి అతనికి గుర్తే రాలేదు. మిషను మీద పనిచేసేవాడు కట్టెను చూస్తాడు గాని కట్టలను చూడడు.

దినాల నాడు ఇంటి ముందు కాల్చడానికి ఏమీ లేదు.

"మీ నాయిన నిన్ను తిట్టుకుంట పోయిండని ఊరంత అంటున్నరు" అంది తల్లి పద్మమ్మ. "అందరు వింటరని మాయం జేసినవా?"

"మరిచిపోయిన అవ్వా. నీ మీద ఒట్టు."

"ఆయన ఏమన్నడో నా చెవుల పడేదాక నువ్వు ఈ కడప తొక్కకు."

సుధాకర్ కంపెనీ షెడ్డులోనే ఉండసాగాడు. కొన్నాళ్లకు పద్మమ్మే నడుచుకుంటూ అక్కడికి వచ్చింది. పరీక్షలు చేసే కృతిక అనే సిద్దిపేట పిల్ల ఆమెను లోపలికి తీసుకుపోయింది. సుధాకర్ వెనకే వెళ్లి గోడవారన కూర్చున్నాడు.

"మా కట్టె ఏడున్నది బిడ్డా?"

"ఇప్పుడు కట్టె లేదు పెద్దమ్మా. ఉడకబెట్టి మందు గలిపితే చక్కెరయింది. ఆ చక్కెరను సూక్ష్మజీవులు తిని స్పిరిట్ జేసినయి."

"మాటను గూడ తిన్నయా?"

"లేదు. మాట వాటికి అరగదు."

కృతిక ఆ స్పిరిట్‌లోంచి పరీక్షకని దాచి ఉంచిన చిన్న సీసా తెచ్చి, గిన్నెలో పోసి అంటించింది. నీలిమంట లేచింది. మొదట మంటలో ఎవరో నీళ్లడిగారు. ఎవరో నవ్వారు. తర్వాత వెంకటనర్సయ్య గొంతు వచ్చింది.

"సుధాకరా, మోకాలు పెట్టు. నేను గుంజుత. చెయ్యి పైలం... ఏడ వోయినవ్‌రా? పెట్టు బిడ్డా, మోకాలు పెట్టు."

మంట సన్నబడి ఆరిపోయింది. మిగతా స్పిరిట్ అప్పటికే ట్యాంకరులో ఏ ఊరి బండ్లకో వెళ్లిపోయింది.

పద్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "తిట్టలేదురా. ఇంటికి పోదాం పా. బువ్వ తిందువు."

సుధాకర్ లేవలేదు. "తిట్టినా బాగుండు అవ్వా."

తల్లి అతని పక్కనే నేల మీద కూర్చుంది.

సుధాకర్ మళ్లీ మిషను జోలికి పోలేదు. ఇప్పుడు తన చేనులో కట్టలు తనే కడతాడు. తల్లి తాడు గుంజుతుంది, అతను మోకాలు పెడతాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. ముడి పడ్డాక కూడా అతను మోకాలు తీయడు. "అయింది, లెవ్వు బిడ్డా" అని తల్లి ప్రతి కట్టకూ చెప్పాలి.

ఆ ఇంట్లో పొయ్యి రోజూ ఆ ఒక్క మాటే అంటుంది.