ఐదిళ్ల పత్రిక

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి రెబెక్కమ్మ కుట్టుమిషను తొక్కబోతే అది కదల్లేదు. పట్టేసిందనుకుని చక్రాన్ని చేత్తో తిప్పింది. తిరిగింది. రెండు చుక్కలు నూనె వేసి మళ్లీ తొక్కింది. అప్పుడు తెలిసింది, ఆగిపోయింది మిషను కాదు, తన పాదం.

ఆదివారం చర్చి మెట్లెక్కేటప్పుడే కాళ్లు బరువనిపించాయి. సోమవారం బిందె ఎత్తలేక సగం ఒంపేసింది. యాభై నాలుగేళ్లు వచ్చాయి, ఎండలు ముదిరాయి, అదేలే అని సరిపెట్టుకుంది. ఇప్పుడు స్టూలు మీంచి లేవబోయింది. మోకాళ్లు మాట వినలేదు.

“ఏమయ్యా, ఒకసారి ఇట్రా.”

ఆమె భర్త సమాధానం బయట ఆటో తుడుస్తున్నాడు. గుడ్డ చేత్తో పట్టుకునే లోపలికి వచ్చాడు.

“కాళ్లు రావడంలా.”

“తిమ్మిరెక్కినాయేమో. పొద్దస్తమానం దాని మీదే కూర్చుంటావు గదా.”

“తిమ్మిరి గాదు. తొక్కమంటే తొక్కడంలా.”

అతను ఆమెను చంకల కింద చేతులేసి లేపి మంచం మీదికి చేర్చాడు.

రెబెక్కమ్మకి కిడ్నీలు చెడ్డాయని రెండేళ్ల కిందట తెలిసింది. పథ్యం తప్పకపోతే కొన్నాళ్లు డయాలసిస్ అక్కర్లేదని డాక్టరు చెప్పింది. నెల్లూరులో ఉండే కూతురు షారన్, అన్నీ ఇందులో చదువుకోమని ఫోను కొని పంపింది. రెబెక్కమ్మ తన రక్తపరీక్ష అంకె అందులో కొట్టింది. ఆమె ఇంకెన్నేళ్లు బతుకుతుందో ఫోను చెప్పింది. మర్నాటి నుంచి అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఒకడు చూర్ణం అమ్ముతానంటాడు, ఒకడు నీళ్లు ఎక్కువ తాగమంటాడు, ఒకడు తాగొద్దంటాడు. నిన్న చదివింది ఇవాళ వెతికితే దొరకదు. వారం తిరక్కుండానే ఫోను మొగుడికి ఇచ్చేసింది.

ఆమెకి పత్రిక చాలు. నెలకొకసారి పోస్టులో వచ్చే ఆరోగ్య పత్రిక. అరవై నాలుగు పేజీలు, అయిపోతే అయిపోయినట్టే. చందా ఐదిళ్ల వాళ్లు కలిసి కట్టారు. అందరూ ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లే. ముందు రెబెక్కమ్మ చదివి, పనికొచ్చే మాటల కింద పెన్సిలుతో గీసి, కుట్టిన జాకెట్టుతో పాటు రెండో ఇంటికి పంపుతుంది. ఐదో ఇంటి నుంచి తిరిగొచ్చాక కావలసిన పేజీలు కత్తిరించి బీరువా తలుపు లోపల అన్నం మెతుకులతో అంటించుకుంటుంది. మిగతా నలుగురూ చదివేది ఆమె గీతలే.

ఈ నెల సంచిక శనివారం వచ్చింది. రెండో ఇంటి ఆదిశేషమ్మకి వచ్చే వారం మోకాలి ఆపరేషను. మోకాళ్ల గురించి వ్యాసం ఉందని అట్ట మీద చూసి, ముందు నాకియ్యమని అడిగింది. రెబెక్కమ్మ పేజీలు తిప్పకుండానే ఇచ్చింది.

సమాధానం ఫోను తీసి, కాళ్లలో సత్తువ పోతే ఏం చెయ్యాలని దాన్ని అడిగాడు.

“కొబ్బరినీళ్లు తాగితే గంటలో లేచి తిరుగుతారంట. లక్షమంది చూసినారు దీన్ని.”

“చూసిన లక్షమందీ లేచి తిరిగినారా?”

అతను వినలేదు. పెరట్లో కాయ దింపి, కొట్టి, గ్లాసులో పోసుకొచ్చాడు. గ్లాసు ఆమె పెదాల దాకా తెచ్చాడు. రెబెక్కమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“బీరువా తియ్యి.”

“ముందు తాగు.”

“బీరువా తియ్యమంటున్నా గదా. రెండో వరసలో మూడో కాగితం. చదువు.”

అతను చదివాడు. కిడ్నీ జబ్బున్నవారు కొబ్బరినీళ్లు, అరటిపండు, బత్తాయి రసం మానాలి. వీటిలోని పొటాషియాన్ని కిడ్నీలు బయటికి పంపలేవు. అది రక్తంలో పెరిగితే కండరాల్లో సత్తువ పోతుంది, నాడి నెమ్మదిస్తుంది, గుండె ఆగిపోవచ్చు.

చివరి దాకా చదివాడు. గ్లాసు కిటికీలో పెట్టాడు.

రెబెక్కమ్మ గోడ గడియారం చూస్తూ మణికట్టు పట్టుకుంది. నాడి లెక్కపెట్టడం కూడా పత్రికలో నేర్చుకున్నదే. నిమిషం అయ్యేసరికి నలభై నాలుగు.

“అవేవీ నువ్వు తినలేదు గదా,” అన్నాడు సమాధానం.

తినలేదు. బియ్యం అవే. కూరగాయలు ఎప్పటిలాగే తరిగి, ఉడకబెట్టి, నీళ్లు వార్చి వండుతోంది. రెబెక్కమ్మ వంటింట్లో ఒక్కొక్క డబ్బానే మనసులో తెరిచి చూసుకుంది. మూడోది తెరిచి ఆగింది.

“ఆ ఉప్పు ప్యాకెట్టు పట్టుకురా.”

పోయిన నెల సంచికలో బీపీ గురించి వ్యాసం ఉంది. బీపీ ఉన్నవాళ్లు మామూలు ఉప్పు మాని, సోడియం తక్కువగా ఉండే ఉప్పు వాడొచ్చని రాశారు. రెబెక్కమ్మకి బీపీ కూడా ఉంది. ఆ మాట కింద గీసి, చీటీ రాసిస్తే సమాధానం గూడూరులో కొనుక్కొచ్చాడు. ఇరవై రోజులుగా అదే వాడుతోంది. చప్పగా ఉందని పోపులో ఒక చిటికెడు ఎక్కువే వేసింది.

ప్యాకెట్టు వెనక అక్షరాలు ఇంగ్లీషులో, చీమ తలకాయంత ఉన్నాయి. సమాధానం ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేశాడు. వేలితో జరుపుతూ పోయి ఒకచోట ఆగాడు.

“పొటాషియం క్లోరైడ్.”

అతను ప్యాకెట్టు కింద పడేశాడు.

“నూట ఎనిమిదికి చెయ్యనా?”

“వాళ్లు ఈడికొచ్చేలోపల మనం గూడూరులో ఉంటాం. ఆటో తియ్యి.”

వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెట్టాడు. ఊరు దాటి, రొయ్యల చెరువుల పక్క నుంచి ఆటో వాకాడు రోడ్డెక్కింది. రెబెక్కమ్మ కమ్మీ పట్టుకుని పైన రేకు వంక చూస్తూ ఉంది. పోయిన నెల సంచిక ఇప్పుడు ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చింది. ఐదో ఇంట్లో ఉంది, కాలవ పక్క ఊళ్లో పిచ్చమ్మ దగ్గర. పిచ్చమ్మ మొగుడు వెంకయ్యకి వారానికి రెండుసార్లు డయాలసిస్.

“పిచ్చమ్మకి ఫోన్ కలిపి ఇయ్యి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

పిచ్చమ్మ ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు.

“ఏందక్కా, జాకెట్టు అయిపోయిందా?”

“పత్రికలో ఉప్పు గురించి చదివినావా?”

“నువ్వు గీసినాక చదవకుండా ఉంటానా? మూణ్ణాళ్లాయె తెప్పించి. మీ మరిదికి వంకలే, చప్పగా ఉందంటాడు.”

“అది పారబొయ్యి పిచ్చమ్మా. ఆయనకు పెట్టబాక.”

“ఏం, నువ్వే గీసి నువ్వే వద్దంటావా? ఎవురు చెప్పినారు? మీ ఆయన ఫోన్లో చూసినాడా?”

“ప్యాకెట్టు మీదే ఉంది.”

“పోక్కా. ఫోన్లో చెప్పే మాటలు నమ్మబాక, అచ్చులో ఉన్నదే నమ్ము అని నాకు చెప్పిందెవురు? అచ్చులో ఉంది, కింద నీ గీత ఉంది. పులుసు దించుతున్నా, మళ్లీ చేస్తా.”

ఫోను పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

“వాళ్లింటికి తిప్పు.”

“నీకేమన్నా మతి పోయిందా రెబెక్కా? నాడి ఎంతుందో నువ్వే లెక్కపెడితివి గదా.”

“రెండు నిమిషాలు. నా గీత చూసి పెడతా ఉంది ఆయనకు.”

సమాధానం ఏదో గొణిగాడు. కాలవ దగ్గర ఆటో కుడికి తిప్పాడు. ఆ మలుపులో రెబెక్కమ్మ కాలు సీటు మీంచి జారి కిందకి వేలాడింది. ఎత్తుకుందామని చూసింది. ఎత్తలేకపోయింది.

పిచ్చమ్మ గరిటె పట్టుకునే వాకిట్లోకి వచ్చింది. పంచలో వెంకయ్య కంచం ముందు కూర్చుని ఉన్నాడు. కంచంలో అన్నం ఉంది, పులుసు ఇంకా పొయ్యలేదు.

“ఇంతమాత్రానికి ఇంత దూరం వచ్చినారా?” అంటూ పిచ్చమ్మ ఆటో దగ్గరికి వచ్చి, వేలాడుతున్న కాలు చూసింది. వంగి దాన్ని ఎత్తి సీటు మీద పెట్టింది. వదలగానే కాలు మళ్లీ పక్కకి ఒరిగింది.

“ఏందిది?”

“ఇరవై రోజులు ఆ ఉప్పు తిన్నా. పత్రిక తీసుకురా.”

పిచ్చమ్మ లోపలికి పోయి పత్రిక తెచ్చింది. రెబెక్కమ్మ జడముడిలోంచి పెన్సిలు తీసింది. మిషను ముందు కూర్చుంటే అది అక్కడే ఉంటుంది. పద్దెనిమిదో పేజీలో తను గీసిన గీత కనిపించింది. ఆ మాటను అడ్డంగా కొట్టేసింది. పక్కన ‘కిడ్నీలకి వద్దు’ అని రాసింది. వేళ్లు బిగవక చివరి అక్షరం కిందికి జారింది.

“ఇదిగో,” అంది. “ఇప్పుడు అచ్చు మీదే ఉంది.”

పంచలోంచి వెంకయ్య అడిగాడు. “అయితే నేను ఈ మూణ్ణాళ్లూ తిన్నదో?”

“డయాలసిస్ ఎప్పుడు?”

“ఎల్లుండి.”

“ఎల్లుండి దాకా ఆగబాకండి. ఇప్పుడే పోయి చూపించుకోండి.”

సమాధానం అప్పటికే ఆటో స్టార్టు చేశాడు. పిచ్చమ్మ గరిటె గడప మీద పెట్టి మొగుడి చొక్కా కోసం లోపలికి పోయింది.

గూడూరు ఆసుపత్రిలో డాక్టరు ఈసీజీ కాగితం చూసింది. కుర్చీలోంచి లేచి, స్ట్రెచరు తనే తోసింది. చేతికి సూది గుచ్చి మందెక్కించారు. రక్తపరీక్ష గంట తర్వాత వచ్చింది. ఐదు దాటకూడని పొటాషియం ఏడు పాయింట్ రెండు ఉంది. సాయంత్రానికి దిగకపోతే నెల్లూరు పంపి డయాలసిస్ చేయిస్తామని చెప్పారు. సమాధానం మానిటరు పక్కన నిలబడి నాడి అంకె మారినప్పుడల్లా పైకి చదివాడు. నలభై ఆరు. నలభై మూడు. యాభై ఒకటి. రెండు గంటలకి అరవై దాటింది. అప్పుడు కూర్చున్నాడు.

మూడింటికి పిచ్చమ్మ ఫోన్ చేసింది. వెంకయ్యకి నెల్లూరులో రక్తం తీశారట, పొటాషియం ఎక్కువే ఉందట, ఇవాళే డయాలసిస్ మిషను మీద పెడుతున్నారట.

నాలుగింటికి ఆదిశేషమ్మ చేసింది.

“ఏమ్మే రెబెక్కా, ఇప్పుడే తెలిసింది. ఈ నెల పత్రిక నా చేతిలోనే ఉంది. అరవై రెండో పేజీలో అడుగున డబ్బా కట్టి వేసినారు, వింటున్నావా? ‘గత సంచికలో సూచించిన ఉప్పును కిడ్నీ వ్యాధి ఉన్నవారు వాడరాదు. ఆ విషయం రాయనందుకు చింతిస్తున్నాం.’”

రెబెక్కమ్మ కళ్లు మూసుకుని వింది.

“నువ్వెప్పుడు చదివినావు పెద్దమ్మా?”

“శనివారమే. మాది రాళ్లుప్పు గదా, నువ్వు ఆ ఉప్పు వాడుతున్నావని నాకేం తెలుసు? దాని కింద నీ గీత గూడా లేదు. మనకు పనికొచ్చేది కాదులే అని తిప్పేసినా.”

మానిటరు మోగుతూ ఉంది. దుప్పటి కింద ఎడమ కాలి బొటనవేలు కదిపి చూసింది రెబెక్కమ్మ. కొద్దిగా కదిలింది.

“పెన్సిలుందా నీ దగ్గర?”

“ఉంది.”

“గియ్యి. రెండు గీతలు పెట్టు. పొద్దు గూకేలోపల పిచ్చమ్మ ఇంటికి పంపించు. ఈ నెల ముందు ఆమెకి, ఆఖర్న నాకు.”