చివరి పేరు

మా రైల్వే కాలనీలో పూరీ గేట్ అమ్మవారి గుడిలో అర్చన పేర్లు తెరమీద చూపించే ప్రోగ్రాం నేనే రాశాను. చర్చికి వెళ్లే సూసన్న అనే పిల్లకి గుడిలో పనేమిటని అడక్కండి. కమిటీ గణపతిరావు మావయ్యది మా పక్క క్వార్టర్, కాదనలేకపోయాను. ఆయన కౌంటర్లో పేర్లు కొడతాడు, పూజారి తెర చూసి చదువుతాడు. పండగ మర్నాడు విద్యాసాగర్ పార్కులో, అదే కంపెనీలుండే చోట, నా ఉద్యోగం ఇంటర్వ్యూ. అక్కడ ఈ ప్రోగ్రామే చూపించుకోవాలని నా ఆశ.

కొట్టిన వరుసని చదవడానికి మొదట గెట్స్ అనే ఫంక్షన్ వాడాను. దానికి హద్దు తెలియదు, ఇచ్చిన చోటు నిండినా అక్షరాలు పోస్తూనే ఉంటుంది. మనవాళ్లేమో గోత్రంతో మొదలెట్టి కోడళ్లు, మనవలు, కడుపులో ఉన్నవాడితో సహా ఒక్క ఊపిరిలో చెప్తారు. ట్రయల్ నాడే ప్రోగ్రాం కుప్పకూలింది. ఎఫ్‌గెట్స్‌కి మార్చి, ఇన్ని అక్షరాలే అని హద్దు పెట్టాను. హద్దు దాటిన అక్షరాలు పారబోసేలా రాశాను. ఇంక కూలదని మహా గర్వపడ్డాను.

పండగనాడు మావయ్య తల్లి అప్పలకొండ మామ్మ అర్చన అయినా కదల్లేదు.

"సివరి పేరు సదవనేదు."

"ప్రోగ్రాం బాగానే ఉంది మామ్మా. నువ్వే పేర్లు ఎక్కువ చెప్పినావు."

"ఎక్కువైతే మనిసిని తీసేస్తావేటే? అమ్మోరు వినాల. వినిందాకా నేను కదల్ను."

"జల్దీ కరో, దీదీ!" త్వరగా కానివ్వమని వెనకనుంచి ఎవరో అరిచారు. నాకు ఒళ్లు మండింది. కానీ రేపు ఆవిడ మనవడు ప్రశాంత్‌కి ఆపరేషన్. తెగిపోయింది వాడి పేరే అయ్యుంటుందనిపించి లాప్‌టాప్ తెరిచాను. కూలకపోతే చాలనుకున్నాను గాని, పారబోసేది ఒకరి పేరని నాకు తట్టనేలేదు.

అక్కడే కూర్చుని మార్చాను. చదివిన ముక్క చివర ఎంటర్ గుర్తు లేకపోతే వరుస ఇంకా అయిపోలేదన్నమాట. చోటు పెంచి, తర్వాతి ముక్క చదివి, దానికి అతికించాలి. మావయ్య తల వంచుకుని, నవ్వాపుకుంటూ పేర్లు మళ్లీ కొట్టాడు.

"నాగేశ్వర గోత్రోద్భవస్య..." పూజారి చదువుకుంటూ పోయాడు. ప్రశాంత్ పేరు వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన ఆగలేదు.

"...సూసన్న నామధేయవత్యాః."

"మామ్మా, మాకు గోత్రం లేదు కదా!"

"మాకుంది కదేటే. రేపు ఇంటర్వూకి ఒట్టినే ఎల్లిపోతావేటి?"

ఏడుపొచ్చేసింది. ఇంతసేపూ నేను పారబోసింది నా పేరే.