వీపు మీది డెబ్బై

నేను ఒక జానెడు గుడ్డముక్కను. నాలుగు మూలలా పిన్నీసులు గుచ్చితే మనిషి వీపుకు అతుక్కుని ఉండిపోయే రకం. విజయనగరంలో బ్యానర్లు అచ్చేసే కొట్లో, ఒక తెల్ల తాను చివర నన్ను కత్తిరించి, ఎర్ర రంగుతో డెబ్బై అంకె వేశారు. నాతో పుట్టిన పెద్ద ముక్క ఏదో సంఘానికి బ్యానరై బాజాభజంత్రీలతో ఊరేగింది. నా నుదుట వీపు రాసి ఉంది. ఏం చేస్తాం!

పెద్దవాళ్ల పరుగు పందేల్లో ఏ వయసు జట్టో తెలిపే అంకెను వీపుకే పెడతారు. ముందున్నవాడు తన ఈడువాడా కాదా అన్నది వెనక వచ్చేవాడికి తెలియాలట. అందుకని నన్ను మోసే మనిషి మొహం నాకు కనిపించదు. నేను చూసేదంతా వెనకవాళ్ల మొహాలే. అబద్ధం రాసుకున్న గుడ్డకు ఇంతకంటే సిగ్గుచేటైన చోటు ఇంకెక్కడా ఉండదు.

నన్ను మోసింది వైకుంఠరావు. తపాలా ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు బడిలో తొందరగా చేర్పించాలని వాళ్ల నాన్న వయసు మూడేళ్లు ఎక్కువ వేయించాడు. ఆ మూడేళ్లు కాగితాల్లో అలాగే పెరిగి పెద్దవై, ఆయన్ను మూడేళ్ల ముందే ఇంటికి పంపేశాయి. ఆ దిగులు మరిచిపోవడానికే పరుగు మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే పరుగు ఆయనకు బాగా పట్టుబడింది. షుగరు దిగింది, నిద్ర పట్టింది, భార్య పైడమ్మ మీద చిటపటలు తగ్గాయి. అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది! ఊరుకోలేదు. అరవై అయిదు దాటినవాళ్ల పందెంలో ఆరోవాడిగా వచ్చాడు. మరుసటి ఏడు కాగితం ప్రకారం డెబ్బై నిండాయి. ఒంటికి అరవై ఏడే. ‘మూడేళ్లు నా ఉద్యోగం తినేశాయి కదా, ఇప్పుడైనా కాస్త పనికిరానీ’ అనుకున్నాడు. దొంగ కాగితం ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు తీసి చూపించాడు, నన్ను చేతిలో పెట్టారు.

అయిదు వేల మీటర్లు, పన్నెండున్నర చుట్లు. ఆరో చుట్టు నుంచీ నా వెనక ఒక్కడే మిగిలాడు. పేరు కూర్మయ్య, జనపనార మిల్లులో పనిచేసి మానేసిన మనిషి. నిజంగానే డెబ్బై రెండు. నోరు తెరుచుకుని, కళ్లు నా మీదే పెట్టి వస్తున్నాడు. ఆఖరి చుట్టులో ఒక చెయ్యి గుండె మీద వేసుకుని కూడా ఆగలేదు. నేను గాలికి ఎగిరిపోదామని చూశాను. పిన్నీసులు వదల్లేదు. పది అడుగుల తేడాతో వైకుంఠరావు గెలిచాడు. మొదటివాడే రాష్ట్రం పోటీలకు వెళతాడని చెప్పి మెడలో పతకం వేశారు.

కూర్మయ్య కాసేపు కూలబడి, లేచి, నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

“ఖర నామ సంవచ్చరంలో పుట్టినాను బాబూ. అందుకే గాడిదలాగ పరిగెడతన్నాను. తమరిది ఏ సంవచ్చరం?”

వైకుంఠరావుది దుర్ముఖి. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

“విజయ,” అన్నాడు, కాగితం లెక్క చూసుకుని.

“అదీ సంగతి. పేరులోనే ఉన్నాది,” అన్నాడు కూర్మయ్య.

ఆ రోజు నుంచి ఇద్దరూ పొద్దున్నే మైదానంలో కలిసి పరిగెత్తేవారు. వైకుంఠరావు నన్ను చొక్కా నుంచి విప్పలేదు. దారినపోయేవాళ్లు నన్ను చదివి ‘డెబ్బయ్యా!’ అని నోరు వెళ్లబెడితే ఆయన నడుము మరింత నిటారయ్యేది. కూర్మయ్య మాత్రం రోజుకు రెండు చుట్లు ఎక్కువ వేసేవాడు. తర్వాత నాలుగు. మోకాలు బూరెలా వాచినా కట్టు కట్టుకుని వచ్చేవాడు. ఎందుకయ్యా అంటే నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు పరుగయ్యాక వైకుంఠరావు ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాడు. పైడమ్మ చోడి అంబలి పోసి ఇచ్చింది.

“విజయలో పుట్టినోడు కదమ్మా, గెలవక ఏటౌతాడు,” అన్నాడు కూర్మయ్య, గ్లాసు అందుకుంటూ.

“విజయేటి అన్నయ్యా, ఈయనది దుర్ముఖి అయితేనూ,” అంది పైడమ్మ, మజ్జిగ మిరపకాయ వడ్డిస్తూ. “మా అత్త ఎప్పుడూ అనేది, పుట్టిన ఏడే అలాటిది, ఆ మొహం అలాగే ఉంటాదని.”

పాపం, మొగుణ్ని ఆటపట్టిస్తున్నాననే అనుకుంది. కూర్మయ్య బొటనవేలు వేళ్ల కణుపుల మీదికి వెళ్లింది. విజయ, జయ, మన్మథ, దుర్ముఖి. పెదవులు మాత్రం కదిలాయి. వైకుంఠరావు గోడకేసి తిరిగాడు, దాంతో నేను సరిగ్గా కూర్మయ్య మొహానికి ఎదురుపడ్డాను. ఆయన నన్ను ఒకసారి చూసి, అంబలి ఆఖరిదాకా తాగి, గ్లాసు కడిగిపెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు మైదానానికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడోరోజు వైకుంఠరావు నన్ను విప్పి, మడిచి, జేబులో పెట్టుకుని పందెం పెట్టిన సంఘం కార్యదర్శి దగ్గరికి వెళ్లాడు. నాకు అరవై ఏడే, కూర్మయ్యను పంపండి అన్నాడు. కార్యదర్శి ఆధార్ మళ్లీ చూశాడు. “డెబ్బై ఉంది కదండీ,” అన్నాడు. జాతకం చూపిస్తే, ఇది చెల్లదన్నాడు. అబద్ధాన్ని ఒక్క చూపుతో పుచ్చుకున్నవాళ్లు నిజానికి మాత్రం రుజువు అడిగారు. చివరికి ‘నేను వెళ్లను’ అని రాసిచ్చి, పతకం బల్ల మీద పెడితే, అయితే రెండోవాణ్ని పంపుతామన్నారు.

అక్కణ్నుంచి కూర్మయ్య ఇంటికి. తిట్టించుకోవడానికి సిద్ధపడే వెళ్లాడు. కొడితే పడదామనీ అనుకున్నట్టున్నాడు.

కూర్మయ్య అరుగు మీద కూర్చుని మోకాలికి నువ్వుల నూనె రాసుకుంటున్నాడు. వైకుంఠరావు నిలబడే అంతా చెప్పాడు. కార్యదర్శి మాటా చెప్పాడు. నన్ను తీసి అరుగు మీద పెట్టాడు.

“తప్పైపోయింది అన్నా,” అన్నాడు. ఇన్నాళ్లూ పేరుపెట్టి పిలిచినవాడు అన్నా అనడం అదే మొదలు.

కూర్మయ్య నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మూడేళ్లు సిన్నోడివన్నమాట. నిజమేనా?”

“నిజమే.”

“నాకు సదువు రాదు గానీ అంకెలొచ్చు. ఆ రోజు దీన్నే సూసుకుంటా పరిగెత్తినాను. డెబ్బయ్యేళ్లోడు అలగెల్తంటే, రెండేళ్లకే నా కాళ్లు ఇంతగా సచ్చిపోనాయా అనుకున్నాను. అప్పట్నుంచి ఈటిని రోజూ తిడతన్నాను.”

కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. ఆయన మొహం పందెం గెలిచినవాడిలా వెలిగింది. నన్ను పక్కన పడేసి, నూనె చేతుల్తో రెండు మోకాళ్లూ పట్టుకున్నాడు.

“విన్నారేట్రా,” అన్నాడు వాటితో. “మీ తప్పేటీ నేదంట.”

వైకుంఠరావు నూనెగిన్నె తన దగ్గరికి లాక్కుని, ఆ వాచిన మోకాలు ముందు నేల మీద కూర్చున్నాడు.