సీటు కింద నా కాపురం

“అడుగంటా అయిపోయాకే చార్జింగ్ పెట్టమన్నానా లేదా? ఇంకా పావువంతు ఉందిగా!”

“ఇంత ఉండగానే పెట్టాలంటండీ. వేడి కూడా చల్లారాలంట. బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంది.”

“అది రాసినోడు నాకంటే ఎక్కువ సెల్లులు చూశాడా?”

భాస్కరం ప్లగ్గు పీకేశాడు. భార్య రేణుకతో అతనికి ఈ తగువు బండి కొన్నప్పటి నుంచీ ఉంది. తగువు నా గురించే. నేను ఒక లిథియం బ్యాటరీని. రేణుక స్కూటర్ సీటు కింద నా కాపురం.

నాలోనూ రెండు గదుల సంసారమే. ఒక గదిలో గ్రాఫైటు, రెండో గదిలో లోహపు పొడి. చార్జింగ్ పెడితే లిథియం అయాన్లు గ్రాఫైటు పొరల్లోకి వచ్చి సర్దుకుంటాయి. బండి కదిలితే రెండో గదికి వెళ్లిపోతాయి. ఆ రాకపోకలే నా బతుకు.

రేణుక బతుకూ రాకపోకలదే. పొద్దున్నే నరసరావుపేటలోని చెవిటి పిల్లల బడికి, సాయంత్రం ఇంటికి. పిల్లలకు చేతులతో మాట్లాడటం నేర్పుతుంది. ఆ బడిలో సైగలు వచ్చిన టీచరు ఆమె ఒక్కతే. మా ఊరికి బస్సు రాదు. ఇంట్లో ఉన్న బండి ఇదొక్కటే.

భాస్కరం చెడ్డవాడు కాదు. ఒకప్పుడు టేపురికార్డర్లు బాగుచేసేవాడు. ఆ కాలపు నికెల్ సెల్లుల్ని పూర్తిగా ఖాళీ చేసి నింపాలనేవారు. అలా చేసే ఊళ్లో పేరు తెచ్చుకున్నాడు. నా పుట్టుక వేరని చెప్పడానికి నాకు నోరు లేదు. నోరున్న రేణుక మాట ఆ ఇంట్లో చెల్లలేదు.

“మావాడికి తెలవదా ఏంది! ఊరంతా వాడి దగ్గరికే వచ్చేది,” అనేది అత్తగారు కోటమ్మ.

రోజూ నన్ను సున్నాకు దింపారు. ఎండలో తిరిగొచ్చి కాలిపోతుంటే ఆ వేడి మీదే, భాస్కరం ఎక్కణ్ణుంచో తెచ్చిన పెద్ద చార్జర్ తగిలించారు. త్వరగానే నిండేదాన్ని. కానీ ఆ తోపులాటలో కొన్ని అయాన్లు లోపలికి చొరలేక, గ్రాఫైటు గడప మీదే లోహపు పెచ్చుగా అంటుకుపోయేవి. అవి ఇక దేనికీ పనికిరావు. బండి తెర మీద మాత్రం నూటికి వంద కనిపించేది. భాస్కరం మురిసిపోయేవాడు.

మొదట్లో తిరిగొచ్చేటప్పుడు ఇంటి దగ్గర్లో ఆగాను. తర్వాత కాలువ వంతెన మీద. చివరికి వెళ్లేటప్పుడే ఆగిపోవడం మొదలైంది. ఒకరోజు ఆమె నన్ను తోసుకుంటూ బడి చేరేసరికి, ఒక పిల్ల వరండాలో ముడుచుకుని పడుకుని ఉంది. పొద్దుటి నుంచి కడుపు నొప్పని సైగ చేస్తూనే ఉందట. అక్కడున్న పెద్దవాళ్లెవరికీ అర్థం కాలేదట.

నా బదులు వేరేది వేయిద్దామని రేణుక వాకబు చేసింది. నన్ను తయారుచేసిన కంపెనీ మూతపడిందని, ఇంకొకళ్లది ఈ బండికి సరిపోదని షాపువాళ్లు చెప్పారు.

ఆదివారం మధ్యాహ్నం, నన్ను నిలిపిన వసారాలోనే అందరూ అన్నాలకు కూర్చున్నారు.

“ఈసారి నాలుగు రోజులు ఖాళీగా ఉంచి నింపుదాం. లేచి కూర్చుంటది,” అన్నాడు భాస్కరం.

“అది టేపురికార్డరు కాదు నాన్నా,” అంది కూతురు లాస్య.

“నువ్వూ మొదలెట్టావా?”

“వద్దులెండి,” అంది రేణుక, అత్తగారికి పప్పు వడ్డిస్తూ. గొంతు పెంచలేదు. “నేను బడి మానేస్తున్నా. నిన్ననే వాళ్లకు చెప్పేశా. సైగలు తెలిసిన ఇంకో టీచరు దొరికేదాకా పిల్లల్ని ఇళ్లకు పంపేస్తారంట.”