నీడన ఆరాల్సిన చీర

కుడి బొటనవేలు అయింది, చూపుడువేలు అయింది, నడిమివేలూ అయింది. గోడకున్న హాజరు మిషను ఎర్రదీపం వెలిగించి, ఇంగ్లీషులో ఆడగొంతుతో మళ్ళీ ప్రయత్నించమంది. అక్కమ్మ వేళ్ళు కొంగుకి తుడుచుకుని ఎడమచెయ్యి పెట్టింది. ఎడమచేతికీ అదే జవాబు. అది గోడకెక్కిన దగ్గరనుంచీ రోజూ పొద్దున్నే ఆ ఇద్దరికీ ఇదే తగువు.

"నీ నోరు పడిపోను, నాను వొచ్చేనే" అని దానికి చెప్పి చీపురు అందుకుంది.

పలాసలో రైలుగేటు దాటాక ఒక అద్దెమేడ కింది వాటాలో ఉంది ఆ ఆఫీసు. దొంగతనం జరిగినా, ఎవరైనా అనుమానంగా చచ్చిపోయినా పోలీసులు ఏరుకొచ్చే బట్టలు, గాజుపెంకులు, వెంట్రుకలు, మట్టి ముందు అక్కడికే వస్తాయి. వేలిముద్రలు అక్కడే చూస్తారు. మిగతావాటికి సీలువేసి విశాఖ లాబుకి పంపుతారు. ఊడ్చేదీ, గాజుసామాను కడిగేదీ, తడిసొచ్చిన బట్టలు ఆరబెట్టేదీ, ఆరాక కాగితంలో చుట్టి పైన తెల్లగుడ్డ కుట్టేదీ, లక్క కరిగించేదీ అక్కమ్మే. కాంట్రాక్టు ఏజెన్సీ మనిషి. అంటే పని పోలీసులది, జీతం ఇంకెవడి చేతిలోనిదో, మాటపడటం మాత్రం ఆవిడ వంతు.

నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఒకటుంది. వేలిముద్రల ఆఫీసులో పనిచేసే ఆ మనిషికి వేలిముద్రలు లేవు. జలంత్రకోట దగ్గర బాప్టిస్టు పేటలో పుట్టి, పరికిణీ కట్టే వయసులోనే పలాస జీడిఫ్యాక్టరీలో పిక్కలు కొట్టడానికి కూర్చుంది. పిక్క పగిలినప్పుడల్లా తొక్కలోంచి జీడి చిమ్ముతుంది. ఎంత బూడిద పూసుకున్నా చర్మాన్ని తినేస్తుంది. పుండు పడుతుంది, మానుతుంది, పొలుసూడుతుంది, దానిమీదే మళ్ళీ పుండు. పిల్లదిగా కూర్చున్న మనిషి నెరిసిన జుట్టుతో లేచేసరికి వేళ్ళ కొసలు గులకరాళ్ళలా నున్నబడిపోయాయి. మొగుడు జోయెల్‌కి ఆటో. అతనికీ ఊళ్ళో చాలామందికి పోయినట్టే కిడ్నీలు పోయాయి. ఆస్పత్రికి తిరిగినన్నాళ్ళు తిరిగి కన్నుమూశాడు. తరవాత ఆవిడకి ఫ్యాక్టరీ పొగ పడలేదు. పాస్టరుగారు ఎవరితోనో చెప్పించి ఇక్కడ పెట్టించారు.

చేరినరోజున ఎస్సై తారకేశ్వరరావు ఆఫీసు వాళ్ళందరికీ తీసినట్టే ఆవిడ ముద్రలూ తీశాడు. పొరపాటున ఎవరి వేలు దేనికి తగిలినా తెలియాలని. కాగితం మీద పది నల్లమచ్చలు పడ్డాయి గాని గీత అన్నది ఒక్కటి లేదు. "అక్కమ్మా, నువ్వు హత్యచేసినా నిన్ను పట్టుకోలేమమ్మా!" అని అతను పగలబడి నవ్వాడు. ఎవరైనా పెద్ద ఆఫీసరు వచ్చినప్పుడల్లా ఆ కాగితం తీసి చూపించేవాడు. ఆవిడ కూడా చేతులు కొంగులో దాచుకుని నవ్వేది. ఈ మిషను వచ్చాక ఆ నవ్వు పోయింది.

రేషన్ డిపోలో వేలు పడకపోతే కన్ను చూపిస్తే బియ్యం ఇస్తారు. ఈ మిషనుకి కన్ను అక్కర్లేదట. మనిషి ఎదురుగా ఉందని ఎస్సై ఎన్ని ఉత్తరాలు రాసినా, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు ఏజెన్సీ నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఊడవటం అయ్యాక చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని వెనకగదిలోకి వెళ్ళింది. అక్కడ తాడు మీద ఆకుపచ్చ చీర ఆరుతోంది. తాడు ఆవిడదే. జోయెల్ ఆటోమీద జీడి బస్తాలు కట్టిన తాడు. ఆఫీసు వాళ్ళు తాడు కొన్నదీ లేదు, ఆవిడ అడిగిందీ లేదు. చీర కింద, రాలిన ఇసుకరేణువు కూడా పోకుండా గోధుమరంగు కాగితం పరిచి ఉంది.

ఆ చీర సంతబొమ్మాళి వైపు సముద్రపు ఒడ్డునుంచి నిన్న వచ్చింది. కుసుమ అనే పిల్లది. అలలు శవాన్ని ఒడ్డుకి తోశాయి. స్నానానికి దిగి కొట్టుకుపోయిందని మొగుడు చెప్పాడు. ఆ పూట తను ఊళ్ళోనే లేనన్నాడు. అతని అరచేతికి కట్టుంది. గేలం గీరుకుందన్నాడు. ఉప్పునీళ్ళు చీరంతా కడిగేశాయి గాని, బొడ్డులో దోపుకున్న కుచ్చిళ్ళ మడతల్లో మాత్రం చేరెడు నెత్తుటి మరక మిగిలిపోయింది.

"ఈ రక్తం మొగుడిదని లాబు చెప్తే కేసు నిలబడుతుంది. మనకున్నది ఇదొక్కటే" అన్నాడు ఎస్సై, మంత్రిగారి పర్యటన బందోబస్తుకి వెళ్తూ. "నీడనే ఆరాలి. చెమ్మ ఉండగా మూటకట్టామా, బూజుపట్టి మరక కుళ్ళిపోతుంది. రెండురోజులు కనిపెట్టుకుని ఉండు." ఆవిడకి తెలిసిన సంగతే. అయినా అతను చెప్పాడు, ఆవిడ విన్నది.

వానలు పడే రోజులు. గాలే తడిగా ఉంది. కుచ్చిళ్ళ దగ్గర ముట్టుకుంటే గ్లౌజులోంచి కూడా చల్లగా తగిలింది. చీరని కొంచెం జరిపి, గాలి తగలని మడత విప్పి, కిటికీ రెక్క ఓరగా తెరిచింది.

కిటికీ అవతల కుసుమ తల్లి జోగమ్మ నిలబడి ఉంది. పలాస బజార్లో చేపలమ్ముకుని, ఖాళీ బుట్ట చంకనపెట్టుకుని తిన్నగా ఇక్కడికే వచ్చినట్టుంది. ఊచలు పట్టుకుని చీరవంకే చూస్తోంది.

"నానే కొన్నాను అప్పా ఈ సీర. పచ్చది ఒద్దన్నాది గుంట. నానే కట్టించేను."

"ముట్టుకోకూడదమ్మా. అక్కడినించే సూడు."

"ముట్టుకోనులే. అది మాటాడతాదా అప్పా? ఊళ్ళో అందరూ ఆడిపక్కే. నా మాటెవులూ ఇనట్లేదు."

అక్కమ్మ చీర వదిలి ఊచల దగ్గరకి వచ్చింది. అన్నేళ్ళుగా ఎందరివో నెత్తుటి బట్టలు ఆరబెట్టింది గాని, వాటి తాలూకు తల్లి ఇలా ఊచలు పట్టుకుని నిలబడటం ఎప్పుడూ చూడలేదు.

"మాటాడతాది. ముందు ఆరాల. అందాక నాను సూసుకుంతాను, బెంగెట్టుకోకు" అంది.

ఆ మాట ఇచ్చేసింది. ఇచ్చాక, మధ్యాహ్నం క్యారేజీ విప్పి గంజన్నం తింటున్నంతసేపూ ఆవిడకి ఏదో పెద్దపని నెత్తికెత్తుకున్నట్టు తృప్తిగానే ఉంది.

భోజనాలయ్యాక హెడ్డు కానిస్టేబులు తిరుమలరావు పిలిచాడు. టెక్కలివాడు. ట్రాఫిక్కులోంచి ఈ మధ్యనే ఇక్కడికి మారాడు. ఎస్సై లేని రెండురోజులూ ఆఫీసు అతనిదే. చెడ్డవాడేం కాదు. తను టీ తాగితే ఆవిడకీ ఒకటి చెప్తాడు. ఫోను చేతిలో పట్టుకుని, ఆవిడ మొహం చూడలేక గోడకేసి చూశాడు.

"ఏజెన్సీ వోళ్ళు మెసేజెట్టేరు అక్కమ్మా. నువ్వు డ్యూటీకి రావట్లేదని తీసేసేరట. ఈపొద్దే తాళాలు, ఐడీకార్డు తీసేసుకోమన్నారు."

"రావట్లేదేటి బావూ? నానిక్కడే గదా ఉన్నాను!"

"ఉన్నావు. నాకు కనిపిత్తన్నావు. మిషనుకి కనిపించట్లేదు. నానేటి సెయ్యను సెప్పు?"

ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. జీడి తిన్న వేళ్ళని చూసి జాలిపడ్డవాళ్ళున్నారు, అసహ్యపడ్డవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళున్నారు. ఇవాళ ఆ వేళ్ళకి గీతలు లేవు కనక నువ్వే లేవంటున్నారు. ఎస్సైకి ఫోను చేసింది. బందోబస్తులో ఉన్నాడేమో, స్విచ్చాఫ్ అని వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

కార్డు మెడలోంచి తీసి బల్లమీద పెట్టింది. తాళాలు పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది చీర.

"పోతే పోనాది గాని బావూ, ఆ సీర ఎల్లుండి దాకా ఆరాల. ఎస్సైగారొచ్చీదాకా దాన్నలగే ఒగ్గియ్యండి. కట్టాల్సొత్తే కాగితంలోనే కట్టాల, పిలాస్టిక్కు తగలకూడదు. తడిమీద కట్టకండి."

తిరుమలరావుకి మధ్యలో ఇంకో ఫోను వచ్చింది. రేపు ఇన్‌స్పెక్షనట. అది వింటూనే ఆవిడకి తలూపాడు. ఫోను పెట్టేశాక, "నానున్నాను గదా. నువ్వు దాని గురించి దిగులెట్టుకోకు, ఎల్లు" అన్నాడు. నిజంగా మంచిమనసుతోనే అన్నాడు.

"తాడు ఉండనీండి. నాదే, తరవాతొచ్చి పట్టుకెల్తాను" అంది.

గేటు దగ్గర జోగమ్మ బుట్ట బోర్లించి దానిమీద కూర్చుని ఉంది. సాయంత్రం బండికిగాని పోదు కాబోలు. అక్కమ్మ తన ఉద్యోగం సంగతి చెప్పలేదు. చెప్పి మాత్రం ఏం లాభం, మునిగేవాళ్ళు ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుంటే! పక్కన నేలమీద చతికిలబడింది. ఇద్దరూ టీ తాగారు. జోగమ్మ కూతురి చిన్నప్పటి ముచ్చట్లు చెప్పింది, అక్కమ్మ జోయెల్ ఆటో సంగతి చెప్పింది. మబ్బు మూసుకొచ్చింది.

అప్పుడు లోపలినుంచి తిరుమలరావు కేకేశాడు.

"అక్కమ్మా! క్యారేజీ మర్సిపోనావు!"

వెళ్ళింది. క్యారేజీ, దాంతోపాటు చక్కగా చుట్టలు చుట్టిన తాడు చేతిలో పెట్టాడు. తాడు చూడగానే ఆవిడ వెనకగది వైపు తిరిగింది.

"నీ సామాను నీకియ్యకపోతే రేపెవుడో ఏదో అంతాడు" అన్నాడు. "సీర గురించి నువ్వు మరీ ఇదయిపోతన్నావని, నానే కట్టీసి సీలేసేను. రేపు ఇన్‌స్పెక్షనుకి గది బాగుండాల గదా. కాగితమైతే సిరుగుతాదని మంచి మందం కవరు తెప్పించేను. ఇంక నీకే బెంగా నేదు."

"ఓలమ్మో! తడిది బావూ అది! ఇప్పండి, బేగి ఇప్పండి!"

తిరుమలరావు తెల్లబోయాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది అతనికి. తరవాత మొహం గట్టిపడింది.

"సీలు పడ్డాక నాను ఇప్పితే నా ఉజ్జోగం పోతాది. నీకు తెల్దా?"

ఎందుకు తెలియదు! ఇన్నేళ్ళూ ఆ లక్క కరిగించింది తనే. ముద్ర పడ్డాక ఎస్సై వచ్చినా చెయ్యి పెట్టడు. కోర్టు చెప్పాలి, లేదా లాబులో విప్పాలి. ఉత్తరం తయారై, సంతకాలై, ఎవరో ఒకరు రైలెక్కేసరికి ఎన్నాళ్ళు పడుతుందో కూడా ఆవిడకి తెలుసు. సాక్ష్యాన్ని ఎవరూ పాడుచెయ్యకుండా పెట్టిన సీలే ఇప్పుడు దాన్ని కుళ్ళబెడుతుంది.

"నాను సెప్పేను గదా బావూ... మీరు తలూపేరు గదా..."

అతను గబగబా లైట్లార్పి, తాళాలు వేసి, ఆవిడ వంక చూడకుండా బండెక్కి వెళ్ళిపోయాడు.

అక్కమ్మ మేడ చుట్టూ తిరిగి వెనక కిటికీ దగ్గరకి వెళ్ళింది. ఒక చేతిలో క్యారేజీ, ఒక చేతిలో తాడు. ఊచల్లోంచి చెయ్యి పెట్టింది. కవరు పెట్టిన బల్ల అందలేదు. తనని తీసేసినందుకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. చప్పుడు లేకుండా ఏడ్చింది.

వెనకనుంచి జోగమ్మ వచ్చి పక్కన నిలబడింది. లోపల మసకచీకటి. ఆమెకి ఏమీ ఆనినట్టు లేదు.

"ఆరిందా అప్పా?"

అబద్ధం చెప్దామనుకుంది అక్కమ్మ. నోరు రాలేదు.

"నేదు జోగమ్మా. ఆరనేదు."

"పోన్లే అప్పా, వోనల రోజులు గదా. దానికెందుకేడుపు? రేపటికి ఆరీతాదిలే" అని జోగమ్మ ఆవిడ వీపు నిమిరింది.

లోపల బల్లమీద, ఎర్రటి లక్కముద్రల కింద, మందపాటి ప్లాస్టిక్ కవర్లో ఆకుపచ్చ చీర నీటుగా మడతపెట్టి ఉంది. కవరు లోపలివైపు సన్నటి నీటిచుక్కలు పట్టి, ఒకదానితో ఒకటి కలిసి, మెల్లగా కుచ్చిళ్ళ మీదికి జారుతున్నాయి.