దంచిన మాత్ర

తియామికె రక్తపరీక్ష ఈసారి కూడా చెడ్డగానే వచ్చింది. కాగితం మీద ఎర్ర సిరాతో చుట్టిన అంకె చూడగానే ఫైనెస్ ఆ కాగితం బోర్లించింది.

ఫైనెస్ నర్సు కాదు. పదకొండేళ్ళుగా హెచ్ఐవి మందు మింగుతూ, ఆ ఆరోగ్య కేంద్రంలో కొత్తవాళ్ళకు ధైర్యం చెప్పే మనిషి. తియోలో జిల్లా తేయాకు తోటల్లో పనిచేసే ఆడవాళ్ళు నర్సుకు చెప్పలేనివి ఆమెకు చెప్పుకుంటారు. ఎనిమిది నెలల క్రితం ఎస్నార్ట్ కూడా అలాగే వచ్చింది. అంతవరకు ఆమె కూతురు తియామికెకు ఆ మందు క్యాప్సూల్ విప్పి, లోపలి సన్నటి గుళికలు జావ మీద చల్లి పెట్టేది. పిల్లకు ఏడేళ్ళు నిండాయని మాత్రలకు మార్చారు. మాత్ర గొంతు దిగక కక్కేస్తోంది.

"ఇంతదానికి ఏడుపెందుకే? రోట్లో వేరుశనగ గింజలతో పాటు దంచి జావలో కలిపెయ్. నా బిడ్డకు జావలోనే పెట్టి బతికించుకోలేదూ? మందు అదే కదా," అంది ఫైనెస్.

ఆమె బిడ్డకు పెట్టింది గుళికలు. ఆ తేడా ఆమెకు పట్టలేదు.

రెండు వారాల క్రితం జిల్లా ఆసుపత్రిలో శిక్షణ జరిగింది. "ఈ మందు నీళ్ళలో కరిగే రకం కాదు," అని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. "బంకలాంటి దాంట్లో కలిపి కరగబోసి మాత్ర కడతారు. కడుపులో దాన్ని ఒంటికి అందించేది ఆ కట్టే. దంచితే కట్టు తెగిపోతుంది, సగం మందు ఒంటికి పట్టదు. గుళికల్లో గింజ గింజకూ ఆ కట్టు ఉంటుంది కాబట్టి చల్లుకోవచ్చు. వాటిని కూడా నూరకూడదు."

అందరూ రాసుకున్నారు. ఫైనెస్ పెన్ను కదల్లేదు. ఊరికి తిరిగొచ్చి ఎస్నార్ట్ ఇంటిదాకా వెళ్ళింది. వాకిట్లో దంపుడు చప్పుడు విని, రేపు చెబుదామని వెనక్కి తిరిగింది. ఆ రేపు ఇవాళ్టిదాకా రాలేదు.

ఇప్పుడు బల్ల మీద నర్సు చిసోమో మిగిలిన మాత్రలు లెక్కపెట్టింది. "లెక్క సరిపోయింది. మరుగుదొడ్లో పారేసేవాళ్ళ లెక్క ఎప్పుడూ సరిగ్గానే ఉంటుందమ్మా."

"ఒట్టు సిస్టర్, ఒక్క పూట తప్పలేదు," అంది ఎస్నార్ట్.

"మరి వైరస్ ఎందుకు పెరిగింది? మందు ఎలకలు తిన్నాయా?"

"ఆ ఇంటి ఎలకలకు ఇక ఏ జబ్బూ రాదులే," అంది బెంచీ మీది ముసలమ్మ. బెంచీ బెంచీ నవ్వింది.

ఎస్నార్ట్ అన్న లాస్టన్ మాత్రం నవ్వలేదు. వాళ్ళలో పిల్లల మంచిచెడ్డలు తేల్చేది మేనమామే. "మళ్ళీ ఇలా వస్తే ఊరుకోనని పోయినసారే చెప్పాను చెల్లీ. పిల్ల ఇక జోంబాలో పెద్దక్క దగ్గరుంటుంది. బట్టలు మూట కట్టు."

తియామికె తల్లి నడుముకు చుట్టుకున్న చితెంజే గుడ్డను రెండు చేతులా పట్టుకుంది. "మామా, నేను జావంతా తాగుతున్నా. గిన్నె కూడా నాకుతున్నా."

"ఫైనెస్, నువ్వైనా నిజం చెప్పించు. నీ మాటైతే వింటుంది," అంది చిసోమో.

ఫైనెస్ బల్ల దగ్గరికొచ్చింది. "తను పారెయ్యలేదు సిస్టర్. దంచి పెట్టింది. దంచమన్నది నేను."

చిసోమో ఎస్నార్ట్ వైపు తిరిగింది. "దంచొద్దని నేను చెప్పలేదూ?"

"చెప్పారు. ఈవిడ మందు తినే మనిషి, బిడ్డను బతికించుకున్న మనిషి. మీకన్నా ఈవిడకే తెలుసనుకున్నా." తర్వాత ఎస్నార్ట్ ఫైనెస్‌ను అడిగింది: "తప్పని నీకెప్పుడు తెలిసిందక్కా?"

'ఇప్పుడే' అనే మాట ఫైనెస్ నాలుక చివరిదాకా వచ్చింది. "రెండు వారాలైంది."

"ఫైనెస్ పెద్దమ్మ వచ్చి వెళ్ళిపోయిందని పిల్ల అంటే, ఏదో పని మీద పోతోందిలే అనుకున్నా." ఎస్నార్ట్ పిల్లను దగ్గరికి లాక్కుంది. తిట్టి ఉంటే బాగుండునని ఫైనెస్‌కు అనిపించింది.

లాస్టన్ గొంతు సవరించుకున్నాడు. "అయితే మూట వద్దులే," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

"మూడు నెలలు మాత్రలు మింగించి మళ్ళీ పరీక్ష చేద్దాం. అప్పటికీ తగ్గకపోతే వైరస్ ఆ మందుకు ఇక లొంగనట్టే," అంది చిసోమో. "ఇంకెవరికి చెప్పావు ఈ చిట్కా?"

ఫైనెస్ మూడు పేర్లు చెప్పింది. ఆపైన నాలుగోది కూడా చెప్పి, మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

చిసోమో దాన్ని వెనక్కి నెట్టింది. "వేసుకో. నీ మాట విని తప్పు చేశారు. ఆపమన్నా నీ మాటే వినాలి. నలుగురి ఇళ్ళకూ ఇవాళే వెళ్ళు."

ఫైనెస్ బయటికొచ్చింది. గుమ్మం మెట్ల మీద ఎస్నార్ట్ అరటిపండు ముక్కలో మాత్ర గుచ్చి, "నమలకు తల్లీ, మింగెయ్," అని బతిమాలుతోంది. పిల్ల కళ్ళు మూసుకుని మింగబోయి, దగ్గి, ఉమ్మేసింది. ఎస్నార్ట్ ఇంకో ముక్క తుంచింది.

దిగడానికి ఆ మెట్లు తప్ప దారి లేదు. ఎస్నార్ట్ కాళ్ళు పక్కకు ముడుచుకుని చోటిచ్చింది. తల ఎత్తలేదు.