మధ్యాహ్నం కునుకు

నూజివీడు దగ్గర మా మామిడికాయల షెడ్డులో యజమాని వెంకటకృష్ణారావు గారు కొత్తగా చాపలు పరిపించి, ఫ్యాన్లు పెట్టించారు. అన్నాలయ్యాక అరగంట పడుకోమన్నారు. కళ్ళు మూసుకున్నాం గాని ఎవరమూ నిద్రపోలేదు.

"ఏంటర్రా, ఒక్కళ్ళూ పడుకోరేం?" అన్నారాయన.

కాయలు ఏరే లేయా లేచి కూర్చుంది. "నిరుడు వినీల కునుకు తీసిందనేగా పని మాన్పించారు? మాకూ అదే చేస్తే ఏం తినాలండీ?"

"అప్పటి సంగతి వేరమ్మా. మీరు బాగుంటేనే పని బాగుంటుంది."

"అయితే దాన్ని పిలిపించండి. అది పడుకుంటే మేమూ పడుకుంటాం."

ఆయన ఫోను తీశారు.

మర్నాడు వినీల వచ్చింది. అన్నం తిని, చాప మీద వాలి, హాయిగా గుర్రు పెట్టింది. మేము మాత్రం, ఆమె లేచాక ఆయన ఏమంటారో చూద్దామని కూర్చునే ఉన్నాం.